మూడో చరణం, రెండు పాత రిమోట్లు

పాట మధ్యలో వజ్రమ్మకు మాట పోయింది.

గురువారం సాయంత్రం. దీపం పెట్టి, అందరూ చాపల మీద కూర్చుని ఆమె నోటి వంకే చూస్తున్నారు. మూడో చరణంలో మొదటి పాదం అయింది. రెండో పాదం రావాలి. నాలుక చివరిదాకా వచ్చినట్టే ఉంది, తీరా చూస్తే అక్కడ ఏమీ లేదు. ఆమె గట్టిగా దగ్గింది. దగ్గు అయ్యేసరికి మూడో పాదం అందుకుంది. ఎవరూ పట్టించుకోలేదు. పాట ముగిశాక చెంచమ్మ అవ్వ మాత్రం, "మంచినీళ్ళు తాగమ్మా వజ్రా," అంది.

వజ్రమ్మకు ఆ పూట అన్నం సహించలేదు.

ఆ ఇంటిని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆశ్రమం అంటారు. సముద్రానికి దగ్గరగా, సరుగుడు తోపుల మధ్య, ఇసుక మీద కట్టిన రేకుల ఇల్లు. దిక్కు లేని ఆడవాళ్ళు కొందరు, దిక్కున్నా అక్కడే బాగుందనుకున్నవాళ్ళు కొందరు అవ్వ దగ్గర చేరారు. అవ్వకు వాళ్ళ గురువు ఇచ్చిపోయిన ఆస్తి కొన్ని తత్వాలు. వాటిని కాగితం మీద పెట్టే ఆచారం ఆ ఇంట్లో లేదు. చెప్పే మనిషీ నేర్చుకునే మనిషీ ఎదురెదురుగా, మోకాలికి మోకాలు ఆనేట్టు కూర్చోవాలి. ఒకరు ఒక పాదం అంటే రెండోవారు తిరిగి అనాలి. నోటి నుంచి నోటికి, అంతే. అవ్వ అలాగే నేర్చుకుంది. వజ్రమ్మకు అలాగే నేర్పింది.

మిగతావాళ్ళు పల్లవి అందుకుంటారు, చప్పట్లు కొడతారు. చరణాలన్నీ వచ్చింది వజ్రమ్మ ఒక్కదానికే. వంట చూసుకునే పోలమ్మ ఒకటి రెండుసార్లు, "నాకూ చెప్పరాదా అక్కా," అని అడిగింది. "నీ గొంతు ఇంకా దారికి రావాలి," అంది వజ్రమ్మ. ఆ గొంతు దారికి వచ్చిందో లేదో మళ్ళీ ఆమె చూడనూ లేదు, పోలమ్మ అడగనూ లేదు.

వజ్రమ్మ బడికి పోయి చదువుకున్నది కాదు. సరుకులు చుట్టి ఇచ్చిన కాగితాలు చదువుకుంటూ అక్షరాలు కూడబలుక్కున్నది. ఎవరూ చేతికి ఇవ్వకుండా తాను సంపాదించుకున్నది జ్ఞాపకం ఒక్కటే అని ఆమెకు లోలోపల గర్వం. దాని పక్కనే ఒక భయం కూడా ఉండేది. వాళ్ళమ్మ చివరి రోజుల్లో కూతురి చేత అన్నం తినిపించుకుంటూ, "నువ్వెవరి పిల్లవమ్మా, మంచిదానివి," అని అడిగింది. ఆ మాట వజ్రమ్మ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు పాట మధ్యలో మాట పోయిన చోట ఆమెకు వాళ్ళమ్మ ముఖం కనిపించింది.

ఆ తరవాత కొద్దిరోజులకే ఆశ్రమానికి టీవీ వచ్చింది.

అంతకు ముందు ఏడాది తుఫాను వచ్చినప్పుడు వాళ్ళకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు. పైకప్పు రేకు ఒకటి ఎగిరి సరుగుడు చెట్లలో పడ్డాక గాని గాలి సంగతి తెలియలేదు. అందుకని ఊళ్ళో ఒక భక్తుడు తాను వాడిన టీవీ తెచ్చి ఇచ్చాడు. కేబుల్ చూసే జిలానీ స్తంభం నుంచి తీగ లాగి, చిన్న నల్లపెట్టె ఒకటి బిగించి, రెండు రిమోట్లు చేతికిచ్చాడు. ఒకటి టీవీకి, ఒకటి పెట్టెకు.

ఆ రెండిటితో మొదలయ్యాయి తిప్పలు. ఛానలు మార్చాలంటే ఒకటి, శబ్దం పెంచాలంటే ఇంకొకటి. ఆ ఇంట్లోనే ఉండే అచ్చమ్మకు చెవి మందం. శబ్దం పెంచబోయి ఏదో నొక్కేది, బొమ్మ పోయి తెరంతా నీలంగా అయ్యేది.

"సముద్రం చూపిస్తున్నాడే," అనేది అచ్చమ్మ.

"దానికి టీవీ ఎందుకు, వాకిట్లో నిలబడితే ఊరకే కనబడుతుంది," అనేది పోలమ్మ.

ఇక పడలేక మళ్ళీ జిలానీకి కబురు పెట్టారు. అతను జేబులోంచి మూడో రిమోటు తీశాడు. "ఇది రెండిటి పనీ చేస్తుంది. కాకపోతే పుట్టుకతో దీనికి ఏమీ తెలియదు. పాతవాటి దగ్గర నేర్చుకుంటుంది," అన్నాడు.

అందరూ చుట్టూ మూగారు. జిలానీ గచ్చు మీద పాత రిమోటునూ కొత్తదాన్నీ తలకు తల ఎదురుగా పెట్టాడు. కొత్తదాని మూల బొత్తాం నొక్కి పట్టుకుంటే ఎర్రదీపం వెలిగి నిలిచింది. నేర్పవలసిన బొత్తాం ముందు కొత్తదాని మీద నొక్కాడు, తరవాత అదే బొత్తాం పాతదాని మీద నొక్కాడు. ఎర్రదీపం గబగబా మినుకుమని మళ్ళీ నిలిచింది.

"పట్టుకుంది," అన్నాడు.

అవ్వ ముందుకు వంగి చూసింది. "మరీ దగ్గరగా కూర్చోబెట్టావే వాటిని."

"దూరమైతే అందదవ్వా."

"సెల్లులు అయిపోతే?"

"తీస్తే అంతా మరిచిపోతుంది. చవక రకం. మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. అందుకే పాతవి పారెయ్యబాకండి."

"మరి పాతది మరిచిపోతే?"

జిలానీ నవ్వాడు. "పాతది మరిచిపోదవ్వా. పాడైపోతుంది, అంతే."

అదేదో పెద్ద విశేషమైనట్టు అవ్వ తల ఊపింది.

ఆ పని వజ్రమ్మ ఒక్కసారి చూసి పట్టేసింది. జిలానీ వెళ్ళాక తనే సెల్లులు తీసి పెట్టి, మొదటి నుంచీ నేర్పి చూసింది. తెర మీద బొమ్మ వచ్చింది. ఆ గురువారం నుంచీ గుండెల మీద ఉన్న బరువేదో దిగినట్టయింది ఆమెకు. పోలేదు, తన బుద్ధి ఎక్కడికీ పోలేదు. ఆ రోజు చిన్న దగ్గు వచ్చింది, అంతే.

పాత రిమోట్లు రెండూ ఆమె తన రేకు పెట్టెలో అడుగున, చీరల కింద పెట్టింది. "బయట ఉంటే మళ్ళీ అచ్చమ్మ సముద్రం చూపిస్తుంది," అంది. అందరూ నవ్వారు. అప్పటి నుంచి సెల్లులు మార్చవలసి వచ్చినప్పుడల్లా వజ్రమ్మ కొత్త రిమోటు పుచ్చుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. కాసేపటికి బయటికి వచ్చి, "పెట్టుకోండి," అనేది. పూజారి ప్రసాదం తెచ్చినట్టు తెస్తుందని పోలమ్మ వెనకాల అనేది.

లోపల ఏం చేస్తుందో ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

గురువారాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఆ తత్వం వచ్చినప్పుడల్లా మూడో చరణం దగ్గర వజ్రమ్మకు దగ్గు వచ్చేది. ఆ పాదం కోసం పొయ్యి దగ్గర, బావి దగ్గర, చీర ఆరేస్తూ వెతికేది. మొదటి పాదం అని, తరవాతది దానంతట అదే వస్తుందేమోనని నోరు తెరిచి నిలబడేది. రాలేదు. అవ్వను అడిగితే ఒక్క క్షణం పని. అడగడమంటే ఒప్పుకోవడం. అవ్వ ముఖంలో జాలి కనబడుతుందేమో, వాళ్ళమ్మ వంక తాను చూసినట్టు రేపు అవ్వ తన వంక చూస్తుందేమో అని ఆమె అడగలేదు.

కార్తీక మాసం వెళ్ళకముందే సముద్రం రంగు మారింది.

మధ్యాహ్నానికే చీకటి కమ్ముకుంది. వాయుగుండం బలపడిందని టీవీలో చెప్పారు. ఎక్కడ తీరం దాటేదీ సాయంత్రం చెబుతామన్నారు. కరెంటు పొదుపని పోలమ్మ టీవీ ఆపి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

అవ్వ చిన్న టార్చి పట్టుకుని వచ్చింది. "సామాన్ల గదిలో ఏమీ కనబడటం లేదు. బియ్యం మూటలు తడుస్తున్నాయేమో. ఇది చూస్తే వెలగదు," అంటూ అరుగు మీద ఉన్న కొత్త రిమోటు తీసుకుని వెనక మూత ఊడదీసింది.

"అవ్వా, అవి తీస్తే..." అంది వజ్రమ్మ.

"మళ్ళీ పెడతాలేమ్మా." సెల్లులు టార్చిలో వేసుకుని గదిలోకి వెళ్ళింది. మూటలు చూసి వచ్చి, సెల్లులు వజ్రమ్మ అరచేతిలో పెట్టింది. "ఇదిగో, నీవి నీకు."

వజ్రమ్మ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పెట్టె మూత ఎత్తి, చీరలు తీసి, పాత రిమోట్లు బయట పెట్టింది. తలకు తల ఎదురుగా ఆనించింది. మూల బొత్తాం నొక్కి పట్టుకుంది. ఎర్రదీపం వెలిగింది.

తరవాత?

ముందు పాతది నొక్కాలా, కొత్తది నొక్కాలా? ఆమె పాతది నొక్కింది. దీపం ఆరిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. రెండూ ఒకేసారి నొక్కింది. దీపం ఆరిపోయింది. రేకుల మీద వాన మొదలైంది. ఎన్నోసార్లు చేసిన పని ఇది. వేళ్ళకు తెలుసు. వేళ్ళను అడిగితే అవీ ఆమె వంకే చూస్తున్నాయి.

"అక్కా, వార్తల వేళయింది," అని బయట నుంచి పోలమ్మ పిలిచింది.

"వస్తున్నా."

"వజ్రమ్మక్కా, పడవలు లాగేవాళ్ళు వాకిట్లోకి వచ్చి అడుగుతున్నారు, ఎటు వస్తుందంట అని."

"వస్తున్నానన్నాను కదా."

గాలికి తలుపు కొట్టుకుంది. ఆమె మంచం పట్టె మీద కూర్చుని, రిమోటు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. "నువ్వెవరి పిల్లవమ్మా," అని చెవిలో ఎవరో అన్నట్టయింది.

తలుపు అవతల ఈసారి అవ్వ గొంతు. కోపం లేదు, తొందర లేదు. "వజ్రా. తుఫాను నీ గడప దగ్గర ఆగదమ్మా."

వజ్రమ్మ తలుపు తీసింది. మూడు రిమోట్లు కొంగులో పెట్టుకుని వచ్చి అందరి ముందూ గచ్చు మీద పోసింది. "నాకు గుర్తు రావడం లేదు," అంది.

ఎన్నాళ్ళుగానో ఎవరికీ చెప్పకూడదనుకున్న మాట. అనేశాక అది మామూలు మాటలాగే ఉంది. ఎవరూ ఉలిక్కిపడలేదు.

అచ్చమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమంటుంది?" అంది.

"మరిచిపోయిందంట," అని పోలమ్మ గట్టిగా చెప్పింది.

అచ్చమ్మ గచ్చు మీదికి వంగి చూసింది. "అదేంది, పాతవి రెండూ ఇక్కడే ఉన్నాయే. వాటితో పెట్టొచ్చు గదా?"

పోలమ్మ పాతది ఒకటి తీసి టీవీ వంక చూపించి నొక్కింది. ఇంకొకటి తీసి నల్లపెట్టె వంక చూపించి నొక్కింది. వార్తలు వచ్చాయి.

వజ్రమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. పాతవి చేతిలోనే ఉన్నాయి. బయటికి తెస్తే చాలు. ఆ సంగతి చిన్నపిల్లకైనా తడుతుంది. దాచుకునే తొందరలో ఆమెకే తట్టలేదు.

వాయుగుండం ఉత్తరంగా ఎగువకు తిరిగిందని, అక్కడే ఎక్కడో తీరం దాటుతుందని చెప్పారు. ఇక్కడ గాలీ వానా ఉంటాయి, పడవలు మాత్రం పైకి లాక్కోవాలి. వాకిట్లో ఉన్న మగవాళ్ళు ఆ మాట విని పరిగెత్తారు. పోలమ్మ రేకుల మీద బరువు పెట్టడానికి ఇసుక సంచులు ఎత్తించింది. పనులన్నీ అయ్యాక, తడిసిన తలలు తుడుచుకుంటూ అందరూ లోపలికి వచ్చి చూస్తే, అచ్చమ్మ కొత్త రిమోటు పట్టుకుని వజ్రమ్మ ఎదుట కూర్చుని ఉంది.

"మళ్ళీ చెప్పు. ఏది తూర్పు దిక్కు, ఏది పడమటి దిక్కు?"

"దిక్కులు కాదక్కా, తలకాయలు. ఎదురెదురుగా."

"ఎర్రదీపం వచ్చింది. ఇప్పుడు ముసలిదాన్ని నొక్కాలా, వయసుదాన్నా?"

"ముందు వయసుదాన్ని," అంది వజ్రమ్మ. అని, తనే ఆగిపోయింది. ఇంతసేపూ ఆమెకు రానిది అచ్చమ్మ అడిగితే వచ్చింది.

దీపం గబగబా మినుకుమంది. అచ్చమ్మ మురిసిపోయింది. "పట్టుకుందే!" పోలమ్మ తనూ చేస్తానని పక్కన చేరింది. ఆ సాయంత్రం ఆ రిమోటు ఎన్నిసార్లు సెల్లులు ఊడదీయించుకుని, అన్నీ మరిచిపోయి, మళ్ళీ నేర్చుకుందో చెప్పలేం.

పాత రిమోట్లు మళ్ళీ పెట్టెలోకి వెళ్ళలేదు. టీవీ కింద గూట్లో పక్కపక్కన ఉండిపోయాయి.

వాన వెలిశాక వచ్చిన గురువారం. దీపం పెట్టే వేళకు ముందే వజ్రమ్మ అవ్వ గదికి వెళ్ళింది. అవ్వ వేరుశనగకాయలు ఒలుస్తూ ఉంది. వజ్రమ్మ ఎదురుగా, మోకాళ్ళు ఆనేట్టు కూర్చుంది. అలా కూర్చుని ఎన్నేళ్ళయిందో.

"అవ్వా, మూడో చరణంలో రెండో పాదం నాకు పోయింది. చాలాకాలమైంది. దగ్గి దాటేస్తున్నాను."

"తెలుసు."

"మళ్ళీ ఒక్కసారి చెప్పండి."

అవ్వ చేతిలో కాయ చిదిమింది. గింజలు వజ్రమ్మ చేతిలో వేసింది. "నాకెక్కడుందమ్మా అది. నీకంటే ముందే పోయింది. పాటంతా పోయింది. నీ నోరు చూసి పెదాలు కదుపుతున్నాను."

వజ్రమ్మ చేతిలో గింజలు అలాగే ఉన్నాయి. ఆమె అవ్వ ముఖంలోకి చూసింది. అక్కడ భయం ఏమైనా ఉందేమోనని వెతికింది. పైపొట్టు ఒకటి అవ్వ గడ్డానికి అంటుకుని ఉంది, అంతే.

"మీకు దిగులనిపించలేదా?"

"ఎందుకు? నీకు చెప్పాను కదా."

"మరి ఇప్పుడు నాకూ పోయింది. అదిక లేనట్టేనా?"

అవ్వ ఇంకో కాయ తీసుకుంది. "ఇంకెవరికి చెప్పావు?"

ఆమె అడిగింది మామూలుగానే, ఉప్పు ఎక్కడ పెట్టావని అడిగినట్టు. వజ్రమ్మకు పోలమ్మ గొంతు, తాను చెప్పిన వాయిదా గుర్తొచ్చాయి. అవి మాత్రం బాగా గుర్తున్నాయి.

దీపం పెట్టారు. ప్రతి గురువారం అవ్వ కూర్చునే పీట ఖాళీగా ఉంది. చూస్తే అవ్వ చాప మీద, అచ్చమ్మకూ పోలమ్మకూ మధ్య ఇరుక్కుని, వజ్రమ్మకు ఎదురుగా కూర్చుంది.

"పల్లవి నుంచి చెప్పమ్మా," అంది. "మేమంతా కొత్తవాళ్ళం."

వజ్రమ్మ ముందుకు జరిగింది. ఆమె మోకాళ్ళు పోలమ్మ మోకాళ్ళకు తగిలాయి. ఒక పాదం అంది. వాళ్ళు తిరిగి అన్నారు. పోలమ్మ గొంతు ఒకచోట గీరుకుంది, ఒకచోట పక్కకు పోయింది. పోనిచ్చింది. అచ్చమ్మ మాటలు సగం వినబడక తనకు తోచినవి వేసుకుంది. ఆమె చప్పట్లు మాత్రం తప్పలేదు. మొదటి చరణం అయింది. రెండోది అయింది.

*తెడ్డు వేసిన చెయ్యి ఏదమ్మా*

అందరూ తిరిగి అన్నారు. వజ్రమ్మకు గొంతులో దగ్గు లేచింది. ఆమె దాన్ని రానివ్వలేదు.

"ఇక్కడ ఒక పాదం ఉంది," అంది. "నాకు తెలియదు."

మిగతావాళ్ళ చప్పట్లు ఆగాయి. సరుగుడు తోపులో గాలి వినిపించింది. అచ్చమ్మకు ఆ మాట వినబడలేదు. ఆమె కళ్ళు మూసుకుని చప్పట్లు కొడుతూనే ఉంది, ఒక పాదం పట్టేంత మేరా, అదే నడకలో. ఆ నడకను ఎవరో అందుకున్నారు. ఇంకెవరో అందుకున్నారు. మాట లేని ఆ పాదం చేతుల మీదుగా నడిచి అవతలికి చేరింది. చేరేసరికి తరవాతి పాదం తన వేళకు, ఎవరూ పిలవకుండానే వజ్రమ్మ నోటికి వచ్చింది.

*అల చెరిపిన అడుగు ఎటు పోయెనమ్మా*
*అడిగేవారే లేరు ఒడ్డున*

పోలమ్మ తిరిగి అంది. అవ్వ కూడా, వజ్రమ్మ నోరు చూస్తూ, చిన్నపిల్లలా తిరిగి అంది.

ఇప్పటికీ ఆ ఇంట్లో ఆ తత్వం అలాగే పాడతారు. మూడో చరణంలో రెండో పాదానికి మాట లేదు, చప్పట్లు ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అలాగే చెబుతారు.

ఆ రోజు పాట అయ్యాక వజ్రమ్మ అవ్వ వంక చూసింది. అవ్వ మోకాళ్ళు పట్టుకుని లేస్తూ అంది:

"ఊపిరి తీసుకోవడానికి చోటు బాగుందమ్మా అక్కడ."